రేడియోగ్రఫీ అసోసియేట్ డిగ్రీ: 52 వేల డాలర్లు అప్పు చేయాలా, ఇంకో ఏడాది ఆగాలా?

తెనాలి_నాన్న రాశారు:

అందరికీ నమస్కారం. మేము టెక్సాస్‌లో, హ్యూస్టన్ పక్కన ఉంటున్నాం. మా అక్క వేసిన దరఖాస్తు మీద పదిహేనేళ్ళకు పైగా ఎదురుచూసి, రెండున్నరేళ్ళ క్రితం గ్రీన్ కార్డులతో వచ్చాం. తెనాలిలో జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. ఇక్కడ గిడ్డంగిలో పని చేస్తున్నాను. మా ఆవిడ కిరాణా దుకాణంలో పని చేస్తుంది.

మా అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు. మొన్న మేలో హైస్కూల్ పూర్తయింది. నిరుడు నాకు భుజం జారినప్పుడు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసినావిడ మా అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడారు. అప్పటి నుంచి ఆ పనే చేస్తానంటోంది. రేడియోగ్రఫీలో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ చేసి, పరీక్ష రాస్తే ఉద్యోగం వస్తుందట.

మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి లాభం కోసం నడిచే ప్రైవేటు కాలేజీ. 24 నెలల్లో అయిపోతుంది, వెంటనే సీటు ఇస్తామంటున్నారు. ఫీజులు, పుస్తకాలు అన్నీ కలిపి 52 వేల డాలర్లు. రెండోది మా కౌంటీ కమ్యూనిటీ కాలేజీ, అంటే స్థానిక ప్రభుత్వ కాలేజీ. ఏడాదికి దాదాపు 3,600. అయితే ముందు ఒక ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, ఆల్జీబ్రా వగైరా చదివి, ఆ మార్కులతో రేడియోగ్రఫీ సీటుకు పోటీ పడాలి. 24 సీట్లకు వందమందికి పైగా దరఖాస్తు చేస్తారని చెప్పారు. సీటు వస్తే అక్కడి నుంచి రెండేళ్ళు.

ప్రైవేటు కాలేజీ సలహాదారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. శుక్రవారంలోగా సంతకాలు పెట్టమంటున్నాడు. ప్రభుత్వ లెక్కల ప్రకారం రేడియోగ్రఫీ వాళ్ళ జీతం ఏడాదికి 77,660 డాలర్లట. "77 వేలు సంపాదించే అమ్మాయికి 52 వేల అప్పు ఒక లెక్కా?" అని అడుగుతున్నాడు. అతనికి ఏం జవాబు చెప్పాలో నాకు తోచడం లేదు. దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

ప్లానో_శ్రీను రాశారు:

అన్నగారూ, నా మాట కాస్త కటువుగా అనిపిస్తే మన్నించండి. పదిహేనేళ్ళు ఎదురుచూసి వచ్చింది పిల్లను రెండేళ్ళ కోర్సులో చేర్చడానికేనా? నాలుగేళ్ళ డిగ్రీ ఉంటే రేపు ఏ రంగంలోకైనా మారవచ్చు. పెళ్ళి సంబంధాల దగ్గర కూడా చదువు గురించి అడుగుతారు. కంప్యూటర్ సైన్స్ వద్దనుకుంటే కనీసం బీఎస్సీ నర్సింగ్ గురించి ఆలోచించండి.

ఎక్స్‌రే_అక్క రాశారు:

అన్నయ్యగారూ, నేను ఒహాయోలో పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను. కమ్యూనిటీ కాలేజీలో చదివాను. ముందు శ్రీనుగారికి ఒక మాట. ఏఆర్‌ఆర్‌టీ అనే జాతీయ పరీక్ష రాయాలంటే అసోసియేట్ డిగ్రీ చాలు. 2015 నుంచి కనీస అర్హత అదే. ఉద్యోగం వచ్చాక నాలుగేళ్ళ డిగ్రీ పూర్తి చేసుకోవచ్చు. నేను అలాగే చేశాను, ఫీజు మా ఆసుపత్రే కట్టింది. ఉద్యోగి చదువుకు సంస్థ ఇచ్చే సొమ్ములో ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను ఉండదు. అందుకే పెద్ద ఆసుపత్రులు చాలావరకు ఈ సదుపాయం ఇస్తాయి. రెండేళ్ళ కోర్సుతో చదువు ఆగిపోతుందని ఎవరూ బెంగపడక్కర్లేదు.

ఇక అసలు విషయం. రెండేళ్ళ క్రితం మా విభాగంలో ఇద్దరు కొత్త అమ్మాయిలు ఒకే సోమవారం చేరారు. ఒకరు కమ్యూనిటీ కాలేజీ నుంచి, నెత్తిన 4 వేల అప్పుతో. ఇంకొకరు ప్రైవేటు కాలేజీ నుంచి, 61 వేల అప్పుతో. ఇద్దరూ రాసింది ఒకే పరీక్ష. ఇద్దరి బ్యాడ్జీల మీదా పేరు పక్కన ఉన్నవి అవే అక్షరాలు. గంటకు ఇద్దరికీ 29 డాలర్లే. రాత్రి షిఫ్టు చేస్తే ఇద్దరికీ అదే నాలుగు డాలర్లు అదనం. వాళ్ళు ఏ కాలేజీలో చదివారని మా మేనేజరు ఇంటర్వ్యూలో అడిగారేమో గానీ, ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఆసుపత్రి జీతం ఇచ్చేది లైసెన్సుకు. కాలేజీ ఫీజుకు కాదు.

ఆ రెండో అమ్మాయి ఇప్పుడు వారానికి ఆరు రోజులు పని చేస్తోంది. తెల్లవారుజామున మూడింటికి ఐసీయూకి ఎక్స్‌రే యంత్రం తోసుకెళ్ళి, వెంటిలేటరు మీద ఉన్న మనిషి వీపు కింద ప్లేటు పెట్టి, గొట్టాలు కదలకుండా ఎత్తి పట్టుకుని ఫోటో తీస్తుంది. చక్కగా చేస్తుంది. ఈ పనిలో కుడి, ఎడమ తెలియడానికి చిన్న సీసపు మార్కర్లు వాడతాం. వాటి మీద ఎవరి పేరులోని అక్షరాలు వాళ్ళకుంటాయి. తన మార్కర్లను ఆ పిల్ల రోజూ స్పిరిట్‌తో తుడిచి జేబులో దాచుకుంటుంది. అంత ఇష్టం ఆ పనంటే. అయినా పోయిన నెల నా దగ్గర కూర్చుని, అప్పు వాయిదా కట్టాక అద్దెకు సరిపోవడం లేదని ఏడ్చింది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాను.

లెక్కల_మాస్టారు రాశారు:

తెనాలి_నాన్న గారూ, ఆ సలహాదారు ప్రశ్నకు జవాబు ఉంది. అతను పోల్చిన రెండు అంకెలూ పోల్చదగినవి కావు.

77,660 అనేది 2024 మే నాటికి కార్మిక గణాంకాల సంస్థ చెప్పిన మధ్యస్థ జీతం. అంటే దేశంలో ఈ పని చేసేవాళ్ళందరినీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న మనిషి జీతం. ఆ వరుసలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళున్నారు, సగటు జీతమే లక్ష దాటే కాలిఫోర్నియా వాళ్ళూ ఉన్నారు. మీ అమ్మాయి మొదటి ఏడాది జీతం అది కాదు. అక్క చెప్పిన 29 డాలర్లు తీసుకుంటే ఏడాదికి 60,320.

ఇక అప్పు సంగతి చూద్దాం. మీ ఆదాయాన్ని బట్టి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు పూర్తిగా వస్తుందనుకుందాం. 2025-26లో అది గరిష్ఠంగా 7,395. రెండేళ్ళకు 14,790. ఇది తిరిగి కట్టక్కర్లేదు. మిగిలేది 37,210. అందులో మీ అమ్మాయి పేరు మీద మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, మొత్తం 12 వేలకు మించి ఫెడరల్ అప్పు ఇవ్వరు. మరి మిగిలిన 25 వేల పైచిలుకు ఎవరి పేరు మీద? మీ చేత పెట్టించబోయే సంతకాల్లో పేరెంట్ ప్లస్ అనే కాగితం ఉందేమో చూడండి. అది మీ పేరు మీద వచ్చే అప్పు. రుసుము కింద నాలుగు శాతానికి పైగా ముందే కోసుకుంటారు కాబట్టి చేతికి 25 వేలు రావాలంటే 26 వేలకు పైగా తీసుకోవాలి. 2025-26లో వడ్డీ అమ్మాయి అప్పుకు 6.39 శాతం, మీ అప్పుకు 8.94 శాతం. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీని పక్కన పెట్టినా, పదేళ్ళ వాయిదాల మీద నెలకు అమ్మాయిది 136, మీది 332. కలిపి 468. పదేళ్ళకు 56 వేల పైమాట.

2023లో అమెరికా విద్యాశాఖ వృత్తి కోర్సుల మీద ఒక నిబంధన తెచ్చింది. ఏడాదిలో కట్టే అప్పు వాయిదాలు ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదన్నది అందులో ఒక కొలత. దాన్ని ఇంటి లెక్కకూ వాడుకోవచ్చు. మీ వాయిదాలు ఏడాదికి 5,616. సలహాదారు చెప్పిన 77,660తో చూస్తే 7.2 శాతం, గీతకు లోపలే. మొదటి ఏడాది నిజంగా వచ్చే 60,320తో చూస్తే 9.3 శాతం, గీత దాటింది. అప్పు మారలేదు. పక్కన పెట్టిన జీతం మారింది, అంతే.

తెనాలి_నాన్న రాశారు:

మాస్టారూ, ఇప్పుడే కాగితాలు తీసి చూశాను. మీరన్న పేరెంట్ ప్లస్ మూడో పేజీలో ఉంది. అది అమ్మాయి అప్పే అనుకున్నాను. నా పేరు మీద అని అతను ఒక్కసారి కూడా చెప్పలేదు. నా జీతం ఎంతో కూడా అడగలేదు. గంటకు 18 డాలర్లు వచ్చేవాడికి ఇంత అప్పు ఎలా ఇస్తారు?

లెక్కల_మాస్టారు రాశారు:

ఇస్తారు. పేరెంట్ ప్లస్‌కు మీ ఆదాయం చూడరు, తిరిగి కట్టే శక్తి ఉందా అనీ చూడరు. పాత బాకీలు ఎగ్గొట్టిన చరిత్ర లేకపోతే చాలు. ఆ తర్వాత అమ్మాయి ఎంత సంపాదించినా ఆ అప్పును ఫెడరల్ లెక్కల్లో ఆమె పేరుకు మార్చడం కుదరదు. ఇంకొకటి, 2026 జూలై 1 నుంచి తీసుకునే పేరెంట్ ప్లస్ అప్పులకు నిబంధన వేరు. ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించే పథకాలు వాటికి ఉండవు. మీ అమ్మాయి రెండో ఏడాది ఫీజు సరిగ్గా అందులో పడుతుంది. మీరు గిడ్డంగిలో బరువులు ఎత్తుతున్నారు. భుజం మళ్ళీ జారితే ఆ 332 ఎక్కడి నుంచి వస్తుందో శుక్రవారంలోపు ఆలోచించండి.

ఫీనిక్స్_వాసు రాశారు:

నేను అకౌంటెంటును. మాస్టారి లెక్కలో తప్పు లేదు గానీ ఒక పద్దు వదిలేశారు. ప్రైవేటు కాలేజీలో రెండేళ్ళు, కమ్యూనిటీ కాలేజీలో మూడేళ్ళు. మొదటిదాని వల్ల అమ్మాయి ఒక ఏడాది ముందు ఉద్యోగంలో చేరుతుంది. ఆ ఏడాది జీతం 60 వేలు, పన్నులు పోగా దాదాపు 50 వేలు చేతికొస్తుంది. దాదాపు అప్పు మొత్తం తీరినట్టే. పైగా వందమంది పోటీ పడే చోట మొదటిసారే సీటు వస్తుందన్న నమ్మకం లేదు. రెండేళ్ళు ఆగాల్సి వస్తే పోయేది లక్ష. ఖరీదైన కాలేజీ అన్నంత మాత్రాన మోసం అనుకోకూడదు. మా తమ్ముడి భార్య అలాంటి చోటే సోనోగ్రఫీ (అల్ట్రాసౌండ్ స్కాన్ తీసే పని) చదివి, ఇప్పుడు 90 వేలు సంపాదిస్తోంది.

ఎక్స్‌రే_అక్క రాశారు:

వాసుగారూ, మీ ప్రశ్న చాలా సరైనది. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. ఏడాది జీతం నిజంగా పెద్ద మొత్తం. అయితే మీ లెక్క నిలబడాలంటే అమ్మాయి అక్కడ కోర్సు పూర్తి చేయాలి, పరీక్ష గట్టెక్కాలి, వెంటనే ఉద్యోగం రావాలి. మూడూ జరగాలి.

ఇవి ఊహించుకోవాల్సిన అవసరం లేదు. రేడియోగ్రఫీ కోర్సులకు జేఆర్‌సీఈఆర్‌టీ అనే గుర్తింపు సంస్థ ఉంది. అది గుర్తించిన ప్రతి కోర్సూ తన వెబ్‌సైటులో మూడు అంకెలు పెట్టి తీరాలి: చేరినవాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారు, మొదటి ప్రయత్నంలో ఎంతమంది పరీక్ష పాసయ్యారు, ఏడాదిలోపు ఎంతమందికి ఉద్యోగం దొరికింది. అన్నయ్యగారూ, రెండు కాలేజీలకూ ఆ మూడు అంకెలు చూసి ఇక్కడ రాయండి. సలహాదారును అడగకండి. కోర్సు డైరెక్టరును అడగండి. క్లినికల్స్‌కు, అంటే ఆసుపత్రిలో చేసే శిక్షణకు, ఏ ఆసుపత్రులకు పంపుతారో, ఎంత దూరమో కూడా అడగండి. మాకు రెండో ఏడాది వారానికి మూడు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు క్లినికల్స్ ఉండేవి. పైసా ఇవ్వరు. ఆ రోజుల్లో వేరే ఉద్యోగం చేయడం కష్టం. ఇంటి ఖర్చులకు కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఫీజు పట్టికల్లో ఈ ఖర్చు కనిపించదు.

జార్జియా_చెల్లి రాశారు:

ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. ఈ చర్చ చూశాక ఉండబట్టలేక రాస్తున్నాను.

నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో మెడికల్ అసిస్టెంటు కోర్సులో చేరాను. ప్రైవేటు కాలేజీ. తొమ్మిది నెలల డిప్లొమా కోసం వెళితే, అసోసియేట్ డిగ్రీ అయితే జీతం రెట్టింపు అని చెప్పి దానిలోకి మార్చారు. పదహారో నెలలో ఒక మంగళవారం ఉదయం వెళ్ళేసరికి తలుపుకు కాగితం అంటించి ఉంది. కాలేజీ మూసేశారు. పార్కింగులో మేము నలభైమందిమి నిలబడి ఉన్నాం. ఒకావిడ చంకలో బిడ్డ ఉంది.

కాలేజీ మూతపడితే ఫెడరల్ అప్పు రద్దు చేసే పద్ధతి ఉంది. దరఖాస్తు చేస్తే నాకూ రద్దయింది. ఆ పదహారు నెలలు మాత్రం రాలేదు. కమ్యూనిటీ కాలేజీకి మార్కుల పత్రం పట్టుకెళితే ఒక్క క్రెడిట్ కూడా, అంటే చదివిన ఒక్క సబ్జెక్టును కూడా, లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇప్పుడు రెస్పిరేటరీ థెరపిస్టును, శ్వాస సమస్యలున్న రోగులకు చికిత్స చేస్తాను. నా జీతం 74 వేలు.

మీరు చేరబోయే చోట క్రెడిట్లు మీ కౌంటీ కమ్యూనిటీ కాలేజీ తీసుకుంటుందా అని ముందే అడగండి. ప్రైవేటు కాలేజీని కాదు, కమ్యూనిటీ కాలేజీని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అప్పట్లో నేను అడిగి ఉంటే బాగుండేది.

లెక్కల_మాస్టారు రాశారు:

చెల్లెమ్మా, రాసినందుకు ధన్యవాదాలు. మీరు చెప్పిన దాంట్లో ఇంకో పాఠం ఉంది. ఈ కోర్సులన్నీ ఒకే ప్రకటనలో, ఒకే తెల్లకోటు బొమ్మ కింద కనిపిస్తాయి. జీతాలు మాత్రం ఒకటి కావు. 2024 లెక్కల్లో పళ్ళు శుభ్రం చేసే డెంటల్ హైజినిస్టు మధ్యస్థ జీతం 94,260. సోనోగ్రఫీ 89,340, రెస్పిరేటరీ థెరపీ 80,450. సర్జికల్ టెక్నాలజిస్టుకు 62,830. మెడికల్ అసిస్టెంటుకు 44,200 మాత్రమే. అదే 40 వేల అప్పు హైజినిస్టుకు భారం, మెడికల్ అసిస్టెంటుకు ఉరితాడు.

ప్రభుత్వం నడిపే కాలేజీ స్కోర్‌కార్డులో కోర్సువారీగా అప్పు, సంపాదన చూడవచ్చు. చూసేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడి అప్పు అంకె అప్పు తీసుకుని, కోర్సు పూర్తి చేసినవాళ్ళది. అప్పు లేకుండా బయటపడినవాళ్ళు అందులో లేరు, మధ్యలో మానేసినవాళ్ళూ లేరు. తల్లిదండ్రుల అప్పు అందులో కలవదు, విడిగా చూపిస్తారు. కమ్యూనిటీ కాలేజీలో పెల్ గ్రాంటుతోనే గడిచిపోయినవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి అక్కడి అప్పు అంకె చూసి అందరికీ అంత అవుతుందని భయపడకండి. ప్రైవేటు కాలేజీ దగ్గర మాత్రం తల్లిదండ్రుల అప్పు కలపకుండా నిర్ణయానికి రాకండి.

సిన్సినాటి_ఫిజియో రాశారు:

నేను ఫిజికల్ థెరపిస్ట్ అసిస్టెంటును. మన దగ్గర బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేసి వచ్చి, ఇక్కడి లైసెన్సుకు సమయం పడుతుందని ఈ దారి పట్టాను. నాకు 38 వేల అప్పు అయింది. చేరేటప్పుడు జీతాలు బాగానే పెరుగుతున్నాయి. 2022 జనవరి నుంచి పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఒక మార్పు తెచ్చింది: అసిస్టెంటు చేసిన చికిత్సకు థెరపిస్టు చేసినదానికి ఇచ్చే సొమ్ములో 85 శాతమే చెల్లిస్తుంది. మా క్లినిక్‌కు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళు, మెడికేర్ వాళ్ళే. ఆ ఏడాది మాకు జీతం పెరగలేదు. నా వాయిదా మాత్రం తగ్గలేదు. ఏ కోర్సు ఎంచుకున్నా, ఆ పనికి డబ్బు చివరికి ఎవరు చెల్లిస్తున్నారో ఒకసారి చూడండి.

టాంపా_డాక్టరమ్మ రాశారు:

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. హెచ్-4 వాళ్ళకు పెల్ గ్రాంటు రాదు, ఫెడరల్ అప్పు రాదు. పై లెక్కలు గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళవి. పిల్లలు 21 దాటి విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాల్సి వస్తే ఇంకో చిక్కు. హెచ్-1బీకి కనీసం బ్యాచిలర్ డిగ్రీ కోరే ఉద్యోగం ఉండాలి. అసోసియేట్ డిగ్రీ ఉద్యోగాలతో ఆ తలుపు తెరుచుకోదు. చదువు ఎంత చవకైనా, జీతం ఎంత మంచిదైనా, ఇది ముందే తెలుసుకోవాలి.

నేను విజయవాడలో బీడీఎస్ చేశాను. ఫ్లోరిడాలో విదేశీ దంతవైద్యులు డెంటల్ హైజినిస్టు లైసెన్సు పరీక్షలు రాసే వీలుంది. పని చేసుకునే అనుమతి పత్రం వచ్చాక ఆ పరీక్షలు రాసి హైజినిస్టునయ్యాను. కొత్తగా అసోసియేట్ డిగ్రీకి ఒక్క డాలరు కూడా పెట్టలేదు. బీడీఎస్ చేసి వచ్చిన చెల్లెళ్ళు ఎవరైనా మళ్ళీ కాలేజీలో చేరేముందు తమ రాష్ట్ర నిబంధనలు చదవండి.

తెనాలి_నాన్న రాశారు:

నిన్న సెలవు పెట్టి రెండు చోట్లకూ వెళ్ళాం.

కమ్యూనిటీ కాలేజీలో డైరెక్టరమ్మ మమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టుకున్నారు. నూటికి 84 మంది పూర్తి చేస్తున్నారు, 93 మంది మొదటిసారే పరీక్ష పాసవుతున్నారు, ఉద్యోగం వెతుక్కున్నవాళ్ళందరికీ దొరికింది. ఆ కాగితం ఆవిడ గది బయట గోడకే అంటించి ఉంది. పిల్లలు బొమ్మ మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, మోచేయి ఏ కోణంలో పెట్టాలో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మా అమ్మాయి తలుపు దగ్గర నుంచి కదలలేదు.

ప్రైవేటు కాలేజీలో డైరెక్టరును కలవాలంటే ముందు సంతకాలు కావాలన్నారు. నేను తెనాలిలో పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. ప్రవేశం కోసం వచ్చిన తండ్రితో ప్రిన్సిపాల్ మాట్లాడని కాలేజీ నేనెక్కడా చూడలేదు. గట్టిగా అడిగితే ఒక కాగితం ఇచ్చారు. అందులో పూర్తి చేసినవాళ్ళు నూటికి 58. పరీక్ష పాసైనవాళ్ళు 77. వాసుగారూ, మీ లెక్క రాత్రి మళ్ళీ వేశాను. వందమంది చేరితే 58 మంది పూర్తి చేస్తారు, ఆ 58లో పరీక్ష మొదటిసారే గట్టెక్కేది 45 మంది. సగం కూడా కాదు. మిగిలిన 55 మందికి ఏడాది ముందు రావలసిన జీతం రాదు, అప్పు మాత్రం ఉంటుంది.

ఫీనిక్స్_వాసు రాశారు:

అన్నగారూ, ఒప్పుకుంటున్నాను. నా లెక్కలో అమ్మాయి తప్పకుండా పూర్తి చేస్తుందని అనుకున్నాను. 45 మందిలో ఒకరైతే రెండు దారులూ దాదాపు సమానం. మిగిలిన 55 మందిలో పడితే కోలుకోవడం కష్టం. ఈ అంకెలు చూశాక నేనైతే సంతకం పెట్టను. మా మరదలి కాలేజీ అంకెలు కూడా ఈ ఉదయమే చూశాను. అక్కడ పూర్తి చేసేవాళ్ళు నూటికి 90కి పైగా ఉన్నారు. ప్రైవేటు కాలేజీలన్నీ ఒక్కలా ఉండవు. అంకెలు చూడకుండా మాట్లాడింది నేను.

తెనాలి_అమ్మాయి రాశారు:

నమస్కారం. నేనే ఆ అమ్మాయిని. నాన్న ఫోన్‌లో మీరు రాసినవన్నీ చదివాను. తెలుగులో ఇంత రాయడం నాకు కొంచెం కష్టం, తప్పులుంటే నాన్న సరిచేస్తున్నారు.

నాన్న పేరు మీద అప్పు ఉంటే నేను ఆ కోర్సులో చేరను. భుజం జారినప్పుడు నాన్న రెండు వారాలు పనికి వెళ్ళలేదు, ఆ నెల అద్దె అత్తయ్య ఇచ్చింది. నాకు ఆ నెల గుర్తుంది. ఒక ఏడాది ఆలస్యమైనా పర్వాలేదు. ఎక్స్‌రే అక్కా, మొదటిసారి సీటు రాకపోతే ఏం చేయాలి?

ఎక్స్‌రే_అక్క రాశారు:

బంగారూ, నీ తెలుగు చాలా బాగుంది.

నాకు మొదటిసారి సీటు రాలేదు. అనాటమీలో బీ వచ్చింది, అందుకే. ఆ ఏడాది ఆసుపత్రిలో రోగులను వార్డు నుంచి ఎక్స్‌రే గదికి తోసుకెళ్ళే ఉద్యోగంలో చేరాను. మా ఆసుపత్రిలో ఇప్పుడు దానికి గంటకు 16 డాలర్లు. రోజూ పాతిక చక్రాల కుర్చీలు తోశాను. టెక్నాలజిస్టులందరూ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు. రెండోసారి దరఖాస్తుకు నా సిఫారసు ఉత్తరం రాసింది వాళ్ళే. మీ కాలేజీలో ఆసుపత్రి అనుభవానికి పాయింట్లు ఇస్తారా అని డైరెక్టరమ్మను అడుగు, చాలా చోట్ల ఇస్తారు. దరఖాస్తు ఒక్క చోటే వేయకు. గంట దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలన్నింటికీ వెయ్యి. ఈ ఏడాది చదివే అనాటమీ, ఫిజియాలజీ వృథా కావు. రెస్పిరేటరీకి, సోనోగ్రఫీకి, నర్సింగ్‌కు అన్నింటికీ అవే కావాలి.

ప్లానో_శ్రీను రాశారు:

అన్నగారూ, మొదట నేను రాసిన మాటకు బాధ కలిగి ఉంటే క్షమించండి. నిన్న మా అమ్మను స్కానుకు తీసుకెళ్ళాను. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఊపిరి బిగబట్టమని సైగలతో చెప్పి, భయపడుతుంటే చెయ్యి పట్టుకున్నది అక్కడి టెక్నాలజిస్టే. మీ అమ్మాయికి తెలుగు వచ్చు. మా అమ్మలాంటి వాళ్ళు ఈ ఊళ్ళల్లో ఎంతమంది ఉన్నారో నిన్నే తెలిసింది.

తెనాలి_నాన్న రాశారు:

శుక్రవారం పొద్దున నేనే ఫోన్ చేసి సీటు వద్దని చెప్పాను. పది వేలు తగ్గిస్తామన్నారు. వద్దన్నాను.

అమ్మాయి కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, ఆల్జీబ్రా తీసుకుంది. పెల్ గ్రాంటు ఫీజుకు పోగా మిగిలింది, దానితో పుస్తకాలు కొన్నాం. ఇప్పటికి అప్పు లేదు. మంగళ, గురువారాల్లో సాయంత్రం దగ్గరి ఆసుపత్రిలో రోగులను తోసుకెళ్ళే పనికి దరఖాస్తు పెట్టింది, వచ్చే వారం రమ్మని పిలిచారు. రాత్రుళ్ళు వంటింటి బల్ల మీద ఎముకల పేర్లు వల్లెవేస్తోంది. చేతి మణికట్టులో ఎనిమిది ఎముకలున్నాయని నాకు యాభై రెండేళ్ళ వయసులో తెలిసింది. ఆ ఎనిమిదీ ఇప్పుడు మా ఆవిడకు కూడా వచ్చు.

ఎక్స్‌రే_అక్క రాశారు:

అన్నయ్యగారూ, రేడియోగ్రఫీలో సీటు వచ్చిన రోజు ఇక్కడ ఒక్క మాట రాయండి. అమ్మాయి పేరులోని అక్షరాలు పంపండి. మార్కర్లు నేను చేయించి పంపుతాను, కుడిది ఎరుపు, ఎడమది నీలం.